ఆవిరేగా అనుకోకండి!

ప్రశ్న: మావారికి యాభై ఎనిమిదేళ్ళు. ముప్ఫై ఏళ్ళుగా చుట్ట అలవాటు. సంక్రాంతికి వచ్చిన మా పెద్దబ్బాయి, "చుట్ట మానేసి ఇది పీల్చు నాన్నా, పొగ ఉండదు, ఆవిరే" అంటూ పెన్నులాంటి ఎలక్ట్రానిక్ సిగరెట్టు ఇచ్చాడు. మొదటిసారి పీల్చగానే ఆయనకు దగ్గు తెరలు తెరలుగా వచ్చి తల తిరిగింది. అయినా నిప్పు లేదు, బూడిద లేదు, ఇంట్లో కంపు లేదని నేను సంతోషించాను. తీరా చూస్తే ఇంటర్ చదివే మా చిన్నవాడు దాన్ని చాటుగా పీలుస్తున్నాడు. అడిగితే, "మామిడిపండు వాసన. మొదట దగ్గొచ్చింది, ఇప్పుడేం లేదు" అంటాడు. ప్రమాదమా?
– ఒక సోదరి, నాగాయలంక

జవాబు: అమ్మా, అది వంటింట్లో గిన్నెమీద లేచే ఆవిరి కాదు. ఆ గొట్టంలో బ్యాటరీ, వేడెక్కే తీగ, ఒక ద్రవం ఉంటాయి. ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్‌లలో నికోటిన్, సువాసనలు కలిపిన ఆ ద్రవం వేడికి సన్నటి తుంపరై ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పొగాకు కాలదు కనుక తారు ఉండదు. అంతవరకు మీ పెద్దబ్బాయి మాట నిజమే. కాని మనిషిని బానిసను చేసేది తారు కాదు, నికోటిన్!

చుట్ట తాగేవారు చాలామంది పొగను నోట్లోనే ఉంచుకొని వదిలేస్తారు. నికోటిన్ నోటి పొరల గుండా నెమ్మదిగా ఒంటికి పడుతుంది. దీన్ని గుండెలదాకా పీలుస్తారు. అక్కడినుంచి నికోటిన్ కొద్ది సెకన్లలో మెదడుకు చేరుతుంది. మీవారికి దగ్గు, తల తిరగడం అందుకే.

నాకు దిగులు కలిగించింది చిన్నవాడి "ఇప్పుడేం లేదు" అన్న మాట. శరీరం అలవాటు పడుతోందన్నమాట. మెదడు ఎదుగుదల సుమారు పాతికేళ్ళదాకా సాగుతుంది. ఆ వయసులో పట్టుకున్న నికోటిన్ తేలిగ్గా వదలదు. చుట్ట కాసేపటికి ఆరిపోతుంది, దాని కంపు ఇంటిల్లిపాదికీ చెప్పేస్తుంది. ఇది ఆరదు, పట్టివ్వదు. మీరు మెచ్చుకున్న గుణమే పిల్లవాడికి ముప్పు.

మన దేశంలో 2019 చట్టం వీటి తయారీని, దిగుమతిని, అమ్మకాన్ని, ప్రకటనలను నిషేధించింది. కనుక ఇక్కడ దొరికేదంతా దొంగసరుకే. లోపలి ద్రవం ఏమిటో చూసేవారు లేరు. 2019–20లో అమెరికాలో ఇలాంటి పరికరాలు పీల్చి ఊపిరితిత్తులు దెబ్బతిని 68 మంది చనిపోయారు. గంజాయి సారం ద్రవాల్లో కలిపిన విటమిన్-ఇ ఎసిటేట్ ముఖ్య కారణమని తేలింది. ఏం కలిపారో తెలియనిది పీల్చడమే అసలు ప్రమాదం.

ముందు ఆ పరికరాన్ని ఇంట్లోంచి తీసేయండి. చిన్నవాణ్ణి నలుగురిలో తిట్టకండి. నిద్ర లేవగానే కావాలనిపిస్తోందా, లేకపోతే చిరాకుగా ఉంటోందా అని నెమ్మదిగా అడగండి. అవునంటే డాక్టరుకు చూపించండి.

మీవారు చుట్టా, ఇదీ రెండూ మానాలి. ఒక తేదీ పెట్టుకోమనండి. మొదటి వారమే కష్టం. మందుల షాపుల్లో దొరికే నికోటిన్ చూయింగ్ గమ్ డాక్టరు సలహాతో వాడవచ్చు. పొగాకు మానేవారికోసం ప్రభుత్వం ఏర్పాటు చేసిన ఉచిత ఫోను 1800-11-2356. నోట్లో తెల్లమచ్చగాని, రెండు మూడు వారాలైనా మానని పుండుగాని ఉంటే ఆలస్యం చేయకుండా అవనిగడ్డలోనో మచిలీపట్నంలోనో డాక్టరుకు చూపించండి.

తండ్రి మానితే కొడుక్కి సగం వైద్యం జరిగినట్టే!