ఎల్లమ్మ ఏ చీర కట్టింది?

ఆషాఢం రాగానే బల్కంపేట ఎల్లమ్మ పెళ్లికూతురవుతుంది. ఆ నెల మొదటి మంగళవారం కల్యాణం, ముందురోజు ఎదుర్కోళ్లు, మర్నాడు రథోత్సవం. అమీర్‌పేట, ఎస్సార్‌నగర్, సనత్‌నగర్ వీధుల్లో ఆ మూడు రోజులూ జనమంతా గుడిదారే పడతారు. ప్రభుత్వం పట్టువస్త్రాలు పంపుతుంది. వరుడు జమదగ్ని మహర్షి, వధువు రేణుక. పీటల మీద కూర్చునే ఆ ఎల్లమ్మ సంస్కృత పురాణంలోని మునిపత్ని. గర్భగుడిలో, నేలకి పదడుగుల లోతున, బావి అడుగున శయనించి ఉన్న ఎల్లమ్మ మాత్రం ఏ ఒక్క కథకీ లొంగేది కాదు.

రైతు బావి తవ్వుతుంటే విగ్రహం తగిలిందని, పైకి తీయబోతే కదల్లేదని, అందుకే ఉన్నచోటే కొలుస్తున్నారని స్థలపురాణం. ఊట ఇప్పటికీ ఉంది. ఆ నీరే తీర్థం. నీళ్లలో వెలిసింది గనుక జలదుర్గ అనేవాళ్లున్నారు. రేణుక అనేవాళ్లున్నారు. ఎల్లమ్మ ఎల్లమ్మే, ఇంకే పేరూ అక్కర్లేదనేవాళ్లూ ఉన్నారు. దేవస్థానం పేరు శ్రీ ఎల్లమ్మ పోచమ్మ దేవస్థానం. పోచమ్మ పక్కనే ఎందుకుందో పురాణం చెప్పదు, జమిడిక చెబుతుంది.

ముందు పురాణం సంగతి. రేణుక నీళ్లకి వెళ్లింది, జలక్రీడలాడుతున్న చిత్రరథుణ్ని చూసి మనసు చలించింది, భర్త మండిపడ్డాడు, కొడుకు తల నరికాడు, వరమడిగి మళ్లీ బతికించుకున్నాడు. ఇంతే కదా అనుకుంటాం. పుస్తకాలు తెరిస్తే అక్కడా ఈ కథ ఒక్కతీరున లేదు. మహాభారతం అరణ్యపర్వంలో ఆమె నీళ్లలో తడిసి, బెదురుతూ ఆశ్రమంలో అడుగుపెడుతుంది. తేజస్సు తగ్గిందని ముని చూడగానే పసిగడతాడు. భాగవతం నవమస్కంధంలో తడిసిన ఊసే లేదు. చిత్రరథుడి మీద రవ్వంత మనసు పోయిన మాట నిజమే గాని, ఆమెని భయపెట్టింది హోమవేళ దాటిపోవడం. పరుగున వచ్చి కలశం మునిముందు పెట్టి చేతులు జోడించి నిలబడుతుంది. భారతంలో రుమణ్వంతుడు, సుషేణుడు, వసువు, విశ్వావసువు అనే నలుగురు అన్నలు తల్లిని చంపలేక ఊరుకుని, తండ్రి శాపంతో మతిపోయి పశువుల్లా అయిపోతారు. భాగవతంలోనైతే వాళ్లనీ తమ్ముడే నరుకుతాడు. తల్లి నేరం ఎంత, శిక్ష ఎవరెవరికి అన్న దగ్గర వ్యాసుడి పేరున్న రెండు గ్రంథాలకే పొత్తు కుదరలేదు.

కుదిరింది ఒక్కచోటే. తండ్రి వరమిస్తానన్నప్పుడు పరశురాముడు రెండు గ్రంథాల్లోనూ ఒకే కోరిక కోరతాడు: బతికిన తల్లికి తాను చచ్చిన సంగతి గుర్తుండకూడదు.

ఊరు మాత్రం గుర్తుపెట్టుకుంది.

తెలంగాణ పల్లెల్లో బైండ్లవారు పట్నం వేసి, జమిడిక వాయిస్తూ రాత్రి పొడుగునా ఎల్లమ్మ కథ చెబుతారు. ఒగ్గుకథకులూ చెబుతారు. గౌడులకి ఆమె కులదేవత, కల్లు సాక పోసి మొక్కుతారు. ఈ కథల్లో ఎల్లమ్మ పుట్టలో పుట్టిన బిడ్డ. ఇసుకతో కుండ చేసి, పాముని చుట్టకుదురుగా నెత్తిన పెట్టుకుని నీళ్లు తెచ్చే పతివ్రత. కొడుకు గొడ్డలి ఎత్తితే చేతులు కట్టుకుని మెడ వంచే మనిషి కాదు. పారిపోతుంది. వెనక కొడుకు, ముందు ఊళ్లు. ఆమెని ఎవరు దాచారన్నదే ఈ కథలకి ప్రాణం. మాదిగ ఇల్లు దాచింది. తోళ్లు నానేసే లందలో దిగి ప్రాణం దక్కించుకుందని పాడతారు. తంగేడు చెక్క, సున్నం, పచ్చి తోలు కలిసిన ఆ వాసనకి ఊరు ఆమడదూరం జరుగుతుంది. దేవతకి చోటిచ్చింది అదే. ఆ కాసేపు ఎల్లమ్మ ఒంటిమీద ఉన్నది పట్టు కాదు, నారచీర కాదు, లందనీళ్లు.

కొన్నిచోట్ల కథ ఇంకా ముందుకు పోతుంది. ఆశ్రయమిచ్చిన మాదిగ తల్లి ఎల్లమ్మని కావలించుకుని అడ్డం నిలబడితే పరశురాముడు ఒక్క వేటున ఇద్దరినీ నరికాడు. తండ్రి వరమిచ్చాక తొందరలో తలలు తారుమారుగా అతికించాడు. అలా ఇద్దరు తల్లులు లేచారు. మద్రాసు బిషప్‌గా పనిచేసిన హెన్రీ వైట్‌హెడ్ దక్షిణాది గ్రామదేవతల మీద 1916లో వేసిన పుస్తకంలో ఈ కథ నమోదు చేశాడు. అందులో బ్రాహ్మణ తల, దళిత దేహం ఉన్నది మారెమ్మ, దళిత తల, బ్రాహ్మణ దేహం ఉన్నది ఎల్లమ్మ. మరొకచోట అటుదిటు. మన దగ్గర ఎల్లమ్మతోపాటు లేచిన ఆ రెండో తల్లిని మాతంగి అంటారు, పోచమ్మ అనేవాళ్లూ ఉన్నారు. మాహూర్ కొండమీద రేణుకకి ముఖమే ఉంటుంది, ఒళ్లుండదు. ఇన్ని ఊళ్లవాళ్లు ఇన్నిరకాలుగా చెప్పారంటే కథ చెడిపోయిందని కొందరు పండితులు నొచ్చుకుంటారు. మేమలా అనుకోం. తెగిన తల ఎవరిది, నిలబడ్డ ఒళ్లెవరిది అని వందల ఏళ్లుగా జనం ఆలోచిస్తూనే ఉన్నారని దానర్థం. కులమన్నది తలలో ఉంటుందా, ఒంట్లో ఉంటుందా అన్న ప్రశ్నని ఇంత సూటిగా అడిగిన కథ మన మార్గసాహిత్యంలో కనిపించడం అరుదు.

ఇక వేపాకు. తమిళదేశంలో మారియమ్మగా కొలిచే కథలో రేణుక చితి ఎక్కుతుంది. వాన పడి మంట ఆరిపోతుంది. కాలిన ఒంటినిండా బొబ్బలు, బట్ట కాలిపోయింది. వేపాకు చుట్టుకుని ఊళ్లోకి వస్తుంది. ఆనాడు ఆమెకి దొరికిన చీర అదీ. అమ్మవారు పోసినప్పుడు మంచంచుట్టూ వేపమండలు కట్టిన ఇళ్లకి ఈ కథ ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. మశూచి పోయింది, మండలు మిగిలాయి. ఇవాళ్టికీ బోనం కుండకి పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, మెడకి వేపరెమ్మలు చుడతాం. నెత్తిమీద పోయేది నైవేద్యమొక్కటే కాదు, ఆ కుండ కూడా ఎల్లమ్మే, ఒంటినిండా వేపాకు కట్టుకుని పోతుంటుంది. పోతరాజు నడుముకీ అదే ఆకు.

అన్ని కథలూ ఒక్కలాగే గౌరవించదగినవని చెప్పడం మా ఉద్దేశం కాదు. కర్ణాటకలో శివమొగ్గ జిల్లా చంద్రగుత్తి గుహలోని రేణుకాంబకి ఇంకో కథ ఉంది. పరశురాముడు తరుముతుంటే బట్టలు దారిలోనే జారిపోయాయని, దిగంబరంగా గుహలోకి వెళ్లిందని చెబుతారు. దాన్ని పట్టుకుని భక్తుల చేత, అందులోనూ పేద, దళిత స్త్రీల చేత, బట్టల్లేకుండా మొక్కు తీర్పించేవారు. 1986లో దళిత సంఘర్ష సమితి కార్యకర్తలు అడ్డుకోబోతే వాళ్లమీదా, పోలీసులమీదా దాడి జరిగింది. ఆ తర్వాత ప్రభుత్వం ఆ మొక్కుని నిషేధించింది. మంచిపని. ఎల్లమ్మ పేరుమీదే మన పల్లెల్లో ఆడపిల్లల్ని జోగినులుగా వదిలేసేవారు. 1988లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దాన్ని నేరంగా ప్రకటిస్తూ చట్టం చేసింది. అదీ మంచిపనే. తలదాచుకోను చోటులేక పరుగెత్తిన తల్లి కథ విని, మరో తల్లికి చీర కప్పాలనిపించాలి గాని ఉన్నది లాగేయాలనిపిస్తే ఆ కథ విన్నట్టే కాదు.

వేషమంటే ఏమిటో మనకి నేర్పింది చిందోళ్లు. నిజామాబాద్ జిల్లాకి చెందిన చిందు ఎల్లమ్మ చిందు భాగోతంలో ఎన్నో పాత్రలు కట్టింది. ఎల్లమ్మ వేషం కట్టీ కట్టీ దేవత పేరే ఆమె పేరైంది. 2005లో ఆమె కన్నుమూసింది. చిందోళ్లు మాదిగల్ని ఆశ్రయించి బతికే కులం. మాదిగ వాడల్లో ఆడతారు. మామూలు రోజున ఆ కళాకారిణిని అరుగుకి అవతల నిలబెట్టే ఊరు, ఎల్లమ్మ వేషం కట్టుకుని వస్తే బిందెలతో నీళ్లు తెచ్చి కాళ్లు కడిగేది. కొబ్బరికాయ కొట్టేది. తెల్లారి వేషం విప్పగానే మళ్లీ పాత దూరమే. లంద కథ ఎక్కడో యుగాల కిందట జరిగిందనుకునేవాళ్లు ఈ సంగతి గమనించాలి. తిరుపతి గంగమ్మ జాతరలో కూడా మాతంగి వేషం వస్తుంది. పాలెగాణ్ని వెతుకుతూ బైరాగిగా, తోటిగా, దొరగా రోజుకో రూపు కట్టిన గంగమ్మ, వాణ్ని చంపాక మాతంగిగా ఇంటింటికీ తిరుగుతుంది. ఊరి దేవతలు ఉగ్రంగా ఉన్నప్పుడో, అభయమిచ్చేటప్పుడో మాతంగినే ఎందుకు తొడుక్కుంటారో ఆలోచించదగ్గ విషయం.

పరశురాముడు దశావతారాల్లో ఆరోవాడు. అతనికి మన ఊళ్లలో గుళ్లు బహు తక్కువ. అతని చేత నరికించుకున్న తల్లికి గుడి లేని ఊరు తక్కువ. అవతారమెవరో పురాణం చెప్పింది, కొలవాల్సిందెవరినో జనం తేల్చుకున్నారు. ఇందులో విష్ణుద్వేషం లేదు. దెబ్బ తిన్న మనిషి వైపు నిలబడటం ఉంది.

మా బాధంతా ఒకటే. చిన్న పుస్తకాల్లో, వీడియోల్లో, పండగ వార్తల్లో ఇప్పుడు తిరుగుతున్న ఎల్లమ్మ కథ రోజురోజుకీ పల్చబడుతోంది. జమదగ్ని ఉంటాడు, చిత్రరథుడు ఉంటాడు, పట్టుచీర ఉంటుంది. మాదిగ ఇల్లుండదు. ఆ ఇల్లు తీసేస్తే ఎల్లమ్మ పరుగు ఎక్కడా ఆగదు, పోచమ్మ పక్కన ఎందుకుందో తెలియదు, వేపాకు అలంకారంగా మిగులుతుంది. కొడుకు కోరిన మరుపుని ఇన్ని వందల ఏళ్ల తర్వాత మనం తీరుస్తున్నట్టవుతుంది. ఎల్లమ్మకి జమదగ్నితో పెళ్లి చేయొద్దని ఎవరంటారు? వైభవంగా చెయ్యాలి. బల్కంపేట కల్యాణం జరిగే ఆ మూడు రోజుల్లో ఒక రాత్రి బైండ్లవారి జమిడికకీ, చిందోళ్ల వేషానికీ ఆ గుడి ముందే చోటిచ్చి, లంద కథ మొదటినుంచి చివరిదాకా చెప్పించాలన్నది మా మాట. సంభావన కూడా వేదపండితులకి ఇచ్చినంత గౌరవంగా ఇవ్వాలి. ఎవరి దయగానో కాదు. ఆ కథని ఇన్నాళ్లు మోసింది వాళ్లు.

సనత్‌నగర్ పారిశ్రామికవాడ పుణ్యమా అని ఈ చుట్టుపక్కలకి ఎన్నో ఊళ్లవాళ్లు వచ్చి చేరారు. 1942లో మొదలైన ఆల్విన్ ఫ్యాక్టరీ నాటినుంచీ ఈ వలస సాగుతూనే ఉంది. మెదక్ నుంచి వచ్చినామె చెప్పే ఎల్లమ్మ వేరు, నల్లగొండ నుంచి వచ్చినతను చెప్పేది వేరు, బీదర్ నుంచో నాందేడ్ నుంచో వచ్చిన కుటుంబానిది వేరు. అందరూ ఆదివారం నాడు ఒకే బావిలోకి తొంగి చూస్తారు. ఆ ఇళ్లలో కథ పూర్తిగా తెలిసిన అవ్వలు ఇంకా ఉన్నారు. వాళ్ల తర్వాత అడుగుదామంటే ఎవరూ ఉండరు.

పాఠకులకి మా మనవి. మీ ఇంట్లో ఎల్లమ్మ కథ ఎలా చెబుతారో రాసి పంపండి. చెప్పినవారెవరు, ఏ ఊరు, ఎల్లమ్మ ఎక్కడ పుట్టింది, ఎవరింట్లో దాక్కుంది, ఏం కట్టుకుంది, ఎవరి తల ఎవరికి అతికింది, అన్నీ రాయండి. పక్కింటివాళ్ల కథతో పొసగలేదని మీ కథని సరిచేయకండి. చదువు రానివాళ్లయితే పిల్లల చేత ఫోన్‌లో రికార్డు చేయించండి, మేం రాసుకుంటాం. వచ్చినవి వచ్చినట్టే, చెప్పినవారి మాటల్లోనే అచ్చు వేస్తాం.