జొన్న రొట్టె మందు కాదు నాన్నా!

సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ దిల్‌సుఖ్‌నగర్ మెట్రోలో దిగడం, అక్కడ జొన్న రొట్టెలు కట్టించుకుని ఆటోలో ఎల్బీనగర్ ఇంటికి చేరడం... నాకు ఏడాదిగా ఇదే అలవాటు. పొయ్యి ముందు కూర్చున్న అమ్మ చేత్తో టపటపా తట్టి పెనం మీద వేస్తుంటే, మెడలో ఐడీ కార్డులతో మాలాంటోళ్ళం, పక్కనే షుగర్ ఉన్న పెద్దోళ్ళు లైన్లో నిలబడి ఉంటాం. 2023ని ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకున్నాక ఈ మోజు ఇంకా పెరిగింది. మంచిదే.

కానీ మొన్నామధ్య నాన్న మూడు నెలల షుగర్ రిపోర్టు చూసి గుండె జారిపోయింది. 7.1 ఉన్నది 8.9 అయింది! గట్టిగా అడిగితే అసలు సంగతి చెప్పాడు. "రోజూ జొన్న రొట్టె తింటున్నా కదరా, ఇంక గోళీలెందుకని రెండు నెలల కిందటే ఆపేసిన." ఎవరో వీడియోలో చెప్పారట. పైగా మందు కదా అని రెండు తినేవాడు నాలుగు లాగిస్తున్నాడు :)

జొన్నలో గుణం లేదని నేననట్లేదు. జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టిక ప్రకారం 100 గ్రాముల జొన్నలో పీచు సుమారు 10 గ్రాములు, తెల్ల బియ్యంలో 3 గ్రాముల లోపే. పీచు వల్ల షుగర్ కాస్త మెల్లగా ఎక్కుతుంది, కడుపు నిండినట్టుంటుంది. కానీ అదే 100 గ్రాముల్లో పిండిపదార్థం జొన్నలో 68, బియ్యంలో 78 గ్రాములు. అంటే తేడా ఉంది గానీ, గోళీలు మానేసేంత తేడా కాదు.

ఇంకో విషయం మనలో చాలామందికి తెలీదు. అదే సంస్థలో (అప్పటికింకా ఆ పేరు రాలేదు) సి. గోపాలన్ 1960లో సహచరుడితో కలిసి పెల్లాగ్రా గురించి లాన్సెట్‌లో రాశారు. మెడ మీద, చేతుల మీద చర్మం నల్లబడి పొలుసులు లేవడం, విరేచనాలు, మతి చెదరడం దాని లక్షణాలు. మన దక్కన్‌లో అది ఎవరికొచ్చేది? పూటపూటా జొన్న తప్ప ఇంకోటి దొరకని పేదోళ్ళకి. జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్, శరీరంలో నియాసిన్ అనే విటమిన్ పనికి అడ్డుపడుతుందని వాళ్ళ వాదన. తర్వాత్తర్వాత జనం తిండిలో రకాలు పెరిగాక ఆ జబ్బు తగ్గిపోయింది. భయపెట్టడానికి చెప్పట్లేదు. పప్పు, కూర, మజ్జిగ పక్కనుంటే జొన్న బంగారం. ఒక్కదాన్నే నమ్ముకుంటేనే తంటా.

నల్గొండ వైపు మా నానమ్మ జ్వరమొస్తే జొన్న అంబలి పోసేది, తొలి ఏకాదశికి జొన్న పేలాల పిండిలో బెల్లం కలిపి పెట్టేది. "కడుపులో తేలిగ్గుంటది" అనేది తప్ప రోగం కుదురుతుందని ఒక్కనాడూ అనలేదు. ఆమెకున్న లెక్క మనకు లేకపాయె!

ప్రొడక్షన్‌లో నడుస్తున్న సర్వీసుని ఎవడో వీడియోలో చెప్పాడని ఆపేస్తామా? నాన్న ఒంటిని మాత్రం ఎందుకలా వదిలేస్తాం? డాక్టరు ఇచ్చిన మందు ఆపాలన్నా తగ్గించాలన్నా డాక్టరే చెప్పాలి. ఒకసారి మీ ఇంట్లో కూడా గోళీల డబ్బా తీసి లెక్కపెట్టండి.

నేనైతే రొట్టెలు తేవడం మానలేదు. కాకపోతే ఇప్పుడు రెండే. అవి పళ్ళెంలో పడేముందు గోళీ వేసుకున్నాడో లేదో అడుగుతున్నా.