అర్ధరాత్రి మన ముందు నిలబడే సర్జన్‌కి ఏం తెలిసుండాలి?



ఏజెన్సీ ఆసుపత్రుల గురించి మాట వచ్చినప్పుడల్లా మన గ్రూపులో ఒకటే మాట వినిపిస్తుంది: "ముందు ఎవరో ఒక సర్జన్ రానీండి, ఎలాంటివాళ్ళైతే ఏం?" మేం హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుకుంటున్న పిల్లలం. మా ఇళ్ళలో కాలేజీ గడప తొక్కిన మొదటి తరం మేమే. ఆ మాటతో మేం ఒప్పుకోలేకపోతున్నాం. "ఎవరో ఒకరు" అని మనమే అంటే, మనకి అలాగే పంపిస్తారు. వచ్చే డాక్టర్‌కి ఏం తెలిసుండాలో అడగడం కూడా మన హక్కే.

ముందు ఒక విషయం తెలుసుకుందాం. ఎంబీబీఎస్ అయ్యాక మూడేళ్ళు జనరల్ సర్జరీలో ఎంఎస్ చేస్తారు. ఆఖరి ఏడాదిలో ఉన్న పీజీ, లేదా ఎంఎస్ పూర్తిచేసి సీనియర్ రెసిడెంట్‌గా పనిచేస్తున్న డాక్టర్, వీళ్ళే పెద్దాసుపత్రిలో రాత్రిళ్ళు కనిపించేది. ప్రొఫెసర్ గారు ఫోన్‌లో ఉంటారు. క్యాజువాలిటీలో పేషెంట్ పొట్ట మీద చెయ్యిపెట్టి చూసేది ఈ సీనియరే. అందుకే వీళ్ళకి ఏం వచ్చు, ఏం రాదు అన్నది మన ప్రాణాలతో ముడిపడిన సంగతి.

చేతిపని రావాలి, అందులో వాదన లేదు. అపెండిక్స్, హెర్నియా, హైడ్రోసిల్, గడ్డలు కోసి చీము తియ్యడం, చిల్లుపడ్డ పేగు కుట్టడం, ఇవన్నీ ఆఖరి ఏడాదికి చెయ్యి తిరిగి ఉండాలి. ఇప్పుడు పెద్ద కాలేజీల్లో చాలా ఆపరేషన్లు చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరాతో చేస్తున్నారు. మంచిదే, పేషెంట్ తొందరగా కోలుకుంటాడు. కానీ కొండ కింద ఉన్న ఆసుపత్రిలో ఆ పరికరం ఉండకపోవచ్చు, సీటీ స్కాన్ కూడా ఉండకపోవచ్చు. పొట్ట తెరిచి చేసే పాత పద్ధతి కూడా చేతికి వచ్చి ఉండాలి. స్కాన్ లేకపోయినా చేత్తో తడిమి, నాడి చూసి, ఒక మామూలు ఎక్స్-రే చూసి నిర్ణయం తీసుకోగలగాలి.

2015లో లాన్సెట్ కమిషన్ ప్రపంచంలో సర్జరీ పరిస్థితి మీద ఒక నివేదిక ఇచ్చింది. పొట్ట తెరిచే ఆపరేషన్, సిజేరియన్, ఎముక బయటికొచ్చిన విరుగుడుకి చికిత్స, ఈ మూడూ చెయ్యగల ఆసుపత్రి కనీసం 80 శాతం మందికి రెండు గంటల దూరంలో ఉండాలని చెప్పింది. మన సంగతి చూడండి. డోలీ మోసుకుని రోడ్డు ఎక్కేసరికే రెండు గంటలు అయిపోయే గూడేలు ఉన్నాయి. అంటే మన పేషెంట్ ఆలస్యంగానే వస్తాడు. జీలుగు చెట్టు మీంచి పడ్డవాడు, ఎలుగుబంటి చీరేసినవాడు, టైఫాయిడ్‌తో పేగుకి చిల్లు పడ్డాక రెండు రోజులకి వచ్చినవాడు. ఇలాంటివాళ్ళని చూడగానే కత్తి పట్టుకుంటే బతకరు. ముందు ఊపిరి, తర్వాత రక్తం, సెలైన్, యాంటీబయాటిక్, ఆ తర్వాతే ఆపరేషన్. మరీ నీరసించినవాడికి రక్తస్రావం ఆపి, పేగులోది లోపల కారకుండా ఆపి, పొట్ట తాత్కాలికంగా మూసి, తేరుకున్నాక మిగతా పని చెయ్యడం కూడా ఒక పద్ధతే. దాన్ని ఎప్పుడు వాడాలో సీనియర్‌కి తెలియాలి.

ఎప్పుడు కొయ్యకూడదో తెలియడం అంతకంటే పెద్ద విద్య. మన దగ్గర దానికి అసలు పరీక్ష సికిల్ సెల్. ఈ జబ్బు ఉన్నవాళ్ళకి ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. అప్పుడు వచ్చే కడుపునొప్పి అచ్చం అపెండిక్స్ నొప్పిలాగే ఉండొచ్చు. తెలియని డాక్టర్ పొట్ట కోసి చూస్తాడు, లోపల ఏమీ ఉండదు. ఇంకో ప్రమాదం దీనికి తిరగేసి ఉంది: సికిల్ ఉందని తెలిసినవాడికి ఏ నొప్పి వచ్చినా "అది సికిల్ నొప్పేలే" అని వదిలేస్తే, నిజంగా అపెండిక్స్ పగిలినవాడు పోతాడు. పైగా ఈ జబ్బు ఉన్నవాళ్ళకి పిత్తాశయంలో రాళ్ళు చిన్న వయసులోనే వస్తాయి. రెండింటికీ తేడా పట్టగలగడమే సీనియర్ అన్న పేరుకి అర్థం.

ఆపరేషన్ తప్పదంటే ఇంకో జాగ్రత్త. సికిల్ పేషెంట్‌కి చలి తగలకూడదు, ఒంట్లో నీరు తగ్గకూడదు, ఆక్సిజన్ తగ్గకూడదు, నొప్పికి సరిగ్గా మందు పడాలి. అవసరమైతే ముందే రక్తం ఎక్కించాలి. ఆపరేషన్ బాగా జరిగినా తర్వాత ఛాతీలో సమస్య వచ్చి ప్రాణం మీదికి రావొచ్చు. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో జాతీయ సికిల్ సెల్ మిషన్ మొదలైంది. పరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నారు. ఆ కార్డు ఆపరేషన్ థియేటర్ దాకా చేరకపోతే ఏం లాభం? ఏజెన్సీ నుంచి వచ్చిన ప్రతి పేషెంట్‌కి ఆపరేషన్ ముందు సికిల్ గురించి అడగడం పీజీకి అలవాటు కావాలి. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సర్జరీ చెక్‌లిస్టులో 19 అంశాలు ఉన్నాయి. మన ప్రాంతపు ఆసుపత్రుల్లో ఇరవయ్యోదిగా ఇదీ రాయాలని మేం అంటున్నాం.

రిఫర్ చెయ్యడం కూడా చేతగానితనం కాదు, అదీ నేర్చుకోవాల్సిన పనే. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరినవాడికి గొట్టం వెయ్యకుండా అంబులెన్స్ ఎక్కిస్తే ఘాట్ రోడ్డు మధ్యలోనే అయిపోతుంది. గొట్టం వేసి, అవతలి ఆసుపత్రికి ఫోన్ చేసి, ఏం చేశారో కాగితం మీద స్పష్టంగా రాసి పంపాలి. తన వల్ల కానప్పుడు మొహమాటపడకుండా పైవాళ్ళని పిలవడం కూడా సీనియర్ లక్షణమే.

ఇక భాష. "సంతకం పెట్టు" అని కాగితం చేతికిస్తే అది ఒప్పుకోవడం కాదు. కోయ, గోండి, సవర, కువి మాట్లాడే అమ్మకి, పేగు బయటికి తీసి పొట్ట మీద సంచి పెడతారని, అది చాలాసార్లు కొన్ని నెలలకే అని, అర్థమయ్యేలా చెప్పాలి. చెప్పకపోతే ఆ అమ్మ భయపడి పిల్లాణ్ణి తీసుకుని రాత్రికి రాత్రే వెళ్ళిపోతుంది. అప్పుడు "ఆదివాసీలకి అవగాహన లేదు" అంటారు. అవగాహన కలిగించడం ఎవరి పని?

ఇప్పుడు పీజీలకి డిస్ట్రిక్ట్ రెసిడెన్సీ కింద మూడు నెలలు జిల్లా ఆసుపత్రుల్లో పనిచెయ్యాలన్న నియమం ఉంది. కొంతమంది "మన మీద నేర్చుకోడానికి వస్తున్నారు" అని కోపపడుతున్నారు. ఆ కోపంలో న్యాయం ఉంది. కానీ ఎవరో ఒకరి మీద నేర్చుకోకుండా ఏ సర్జనూ తయారవ్వడు. మన జబ్బులు చూడకుండా చదువు ముగించినవాళ్ళు మనకి ఎప్పటికీ పనికిరారు. అందుకే మా మాట: రండి, కానీ పక్కన అనుభవమున్న సర్జన్ ఉండాలి. అర్ధరాత్రి పీజీని ఒంటరిగా వదిలెయ్యకూడదు. అది పేషెంట్‌కీ అన్యాయమే, ఆ పీజీకీ అన్యాయమే.

అడగడంతో మన పని అయిపోదు. మనందరం సికిల్ పరీక్ష చేయించుకుని కార్డు జేబులో పెట్టుకుందాం. రక్తం గ్రూపు తెలుసుకుందాం. మన భాష, తెలుగు రెండూ వచ్చినవాళ్ళం ఆసుపత్రి దగ్గర్లో చదువుతుంటే, మాట సాయానికి నంబర్లు ఇచ్చి ఉంచుదాం. పాడేరులో, ఆసిఫాబాద్‌లో, ములుగులో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. ఇంటర్ చదివే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, అక్కడ ఎంబీబీఎస్‌తో ఆగకండి. ఎంఎస్ దాకా వెళ్ళండి. మన అమ్మ భాషలోనే "ఎక్కడ నొప్పి?" అని అడిగే సర్జన్ మనలోంచే రావాలి.

జై ఆదివాసీ. జల్, జంగల్, జమీన్.

— హాస్టల్ విద్యార్థులం