శాతమునకు లొంగని హక్కు

నాంపల్లిలోని పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఉద్యోగప్రకటన వెలువరించినప్పుడెల్ల వికలాంగులైన అభ్యర్థులు మొదట చూచుకొనునది తమ వైకల్య సర్టిఫికెట్టులోని శాతమును. అది 40కి తక్కువైనచో రిజర్వేషను వర్తింపదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ప్రభుత్వోద్యోగములలో కనీసము 4 శాతము స్థానములను 40 శాతము, అంతకు మించిన వైకల్యము కలవారికి ప్రత్యేకించినది. పరిమితమైన స్థానములను పంచునపుడు ఏదో యొక హద్దు అవసరమే.

అయితే ఆ హద్దునే వైకల్యనిర్వచనముగా నెంచి, దానికి వెలుపలివారికి వివక్షనుండి రక్షణయే లేదనుట అన్యాయము. శారీరక, మానసిక, బౌద్ధిక, ఇంద్రియ లోపములలో దేనితోనైనను దీర్ఘకాలము బాధపడుచు, ఎదురగు అవరోధములవలన ఇతరులతో సమానముగా సంఘమున పాల్గొనజాలని ప్రతివ్యక్తియు ఆ చట్టము దృష్టిలో వికలాంగుడే. ఆ నిర్వచనమున శాతప్రసక్తి లేదు. దేహలోపముతోపాటు సంఘము కల్పించిన అవరోధమును గూడ గణించుటయే దాని ఔన్నత్యము. వ్రాయుటకు చేయి సహకరింపని సివిల్ సర్వీసుల అభ్యర్థికి, 40 శాతము లేదను మిషతో, లేఖకుని సహాయమును నిరాకరింపరాదని 2021లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

మన తెలంగాణ ఆర్టీసీ డ్రైవరొకని వ్యాజ్యము మరింత సన్నిహితమైన నిదర్శనము. వర్ణాంధత్వము కలదని వైద్యపరీక్షలో తేలగా, 2016 జనవరిలో ఆతనిని ఉద్యోగమునుండి తొలగించిరి. ఆ లోపము చట్టమునందలి 21 వైకల్యముల పట్టికలో లేదు. అయినను, బస్సు నడుపజాలనివాడు మరే పనియు చేయజాలడా యని విచారింపకయే పంపివేయుట తగదని, అదే వేతనశ్రేణిలో ప్రత్యామ్నాయోద్యోగ మొసగుమని సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో ఆదేశించినది. తొమ్మిదేండ్లకుపైగా ఒక కుటుంబము నిరీక్షించిన పిమ్మట లభించిన న్యాయమిది. మొదటి దినముననే ఆ విచారణ జరిగియుండిన ఆ నిరీక్షణయే ఉండెడిది కాదు.

ప్రభుత్వసంస్థలకే ఇట్టి ఆదేశము కావలసివచ్చినపుడు ప్రైవేటు కొలువులోనివారి గతియేమి? చట్టములోని 20వ సెక్షను ఉద్యోగవివక్షను నిషేధించునది ప్రభుత్వసంస్థలయందు మాత్రమే. ఇతర సంస్థలనుండి కోరునది ప్రధానముగా సమానావకాశవిధాన ప్రకటనమే. అబిడ్స్‌లోని వస్త్రదుకాణములలో దినమంతయు నిలుచుండి పనిచేయు సేల్స్‌మన్‌కు కీలునొప్పి ముదిరినచో, ఒక కుర్చీ వేయించుటతో తీరు అవరోధమునకు ఉద్యోగమే మూల్యము కాగూడదు.

కావున పార్లమెంటు ఆ సెక్షనును ప్రైవేటు సంస్థలకును విస్తరింపవలెను. శాతము రిజర్వేషనుకు కొలమానముగా ఉండుగాక. యజమానులు, అధికారులు మాత్రము ఉద్యోగిని సర్టిఫికెట్టు చూపుమనుటకు పూర్వము, ఏ సదుపాయము కల్పించిన పని సాగునో ఆతనినే అడిగి తెలిసికొనవలెను.