హాజరుపట్టీని బీరువాలో పెడతాం, పిల్లల వివరాలను ఎక్కడ పెడుతున్నాం?

పోయిన ఏడాది ఒక మధ్యాహ్నం ఎనిమిదో తరగతి అమ్మాయి తండ్రి మా బడికి వచ్చాడు. హోసూరు పారిశ్రామికవాడలో షిఫ్టు పని చేసే మనిషి. ఆ పూట పని మానుకుని వచ్చాడు. "సార్, స్కాలర్‌షిప్ వచ్చిందని బడి నుంచి ఫోన్ చేసినారు కదా, డబ్బు ఎప్పుడు పడుతుంది?" అని అడిగాడు. బడి నుంచి ఎవరూ ఫోన్ చేయలేదు. విషయం అర్థమయ్యేసరికి ఆయన ముఖం పాలిపోయింది. "బిడ్డ పేరు చెప్పినారు, తరగతి చెప్పినారు, అడ్మిషన్ నంబరు కూడా చెప్పినారు సార్. బడి వాళ్ళే కదా అనుకోని ఓటీపీ చెప్పేసినా."

ఖాతాలో ఉన్న పదకొండు వేలూ పోయాయి. అప్పటికే మూడు రోజులు గడిచాయి. 1930కి ఫోన్ చేయించాం, ఫిర్యాదు నమోదైంది, డబ్బు మాత్రం రాలేదు. ఆ నంబరుకు గంటలోపు చేస్తే డబ్బును మధ్యలో ఆపే వీలు ఎక్కువ. మూడు రోజుల తర్వాత దొంగ చేతిలో అది ఎన్ని ఖాతాలు మారి ఉంటుందో!

ఆ అమ్మాయి అడ్మిషన్ నంబరు ఎవరికి ఎలా చేరిందో ఇప్పటికీ కచ్చితంగా చెప్పలేను. కానీ మా వైపు వెతికితే మూడు దారులు తెరిచి ఉన్నాయి. ఒకటి, తరగతి జాబితాను ఫోన్ నంబర్లతో సహా ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాం. రెండు, ఆన్‌లైన్ నమోదు కోసం బడి పాస్‌వర్డును బయట బ్రౌజింగ్ సెంటర్‌లో చెప్పి పని చేయించుకున్నాం, తర్వాత దాన్ని మార్చలేదు. మూడు, ఫీజుల యాప్ అమ్మిన ఒక సంస్థతో ఒప్పందం ముగిసి రెండేళ్ళయినా మా పిల్లల వివరాలు ఇంకా వాళ్ళ దగ్గరే ఉన్నాయి. వెనక్కి ఇమ్మని అడిగితే ఆ సంగతి ఒప్పందంలో లేదన్నారు. ఒప్పందం ఇంగ్లీషులో ఉంది. సంతకం పెట్టే ముందు మాలో ఎవరూ పూర్తిగా చదవలేదు. తప్పు మాదే, అందులో నా వాటా కూడా ఉంది.

అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. సైబర్ భద్రత, సాంకేతిక సలహా అనగానే అవి బ్యాంకులకూ పెద్ద కంపెనీలకూ సంబంధించినవి అనుకుంటాం. మన భాషాల్పసంఖ్యాక బడులకు అవి మరీ అవసరమని నా అభిప్రాయం.

ఎందుకో చెబుతాను. మన బడి నిలబడేది లెక్క మీద. తెలుగు చదివే పిల్లలు ఎంతమంది, వాళ్ళ మాతృభాష ఏది, ఏ తరగతిలో ఎందరు అన్నదాన్ని బట్టే టీచరు పోస్టు ఉంటుంది, సెక్షను ఉంటుంది, పాఠ్యపుస్తకాలు వస్తాయి. తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తర్వాత పదో తరగతి పరీక్షల మినహాయింపు కోసం మనవాళ్ళు ఎన్నిసార్లు కోర్టు మెట్లెక్కారో ఈ పేజీ చదివేవారికి తెలుసు. అలాంటి చోట మన మాటకు బలం వచ్చేది రికార్డుల నుంచే.

ఒక ఏడాది వివరాలు ఎక్కించే పని బయటి ఆపరేటరుకు అప్పగించాం. ముప్పై నలుగురు పిల్లల మాతృభాష గడిలో తమిళం పడింది. అతనికి దురుద్దేశమేమీ లేదు. జాబితాలో పైన కనిపించినదాన్ని నొక్కుకుంటూ పోయాడు. పాత ప్రవేశ రిజిస్టరు బీరువాలో ఉండబట్టి సరిచేసుకోగలిగాం. రేపు ఆ రిజిస్టరు కూడా కంప్యూటర్‌లోనే ఉండి, ఆ కంప్యూటర్ చెడిపోతేనో, ఎవరో తాళం వేసి డబ్బు అడిగితేనో మన లెక్క ఎవరికి చూపించగలం?

భద్రత అంటే దొంగ చేతికి చిక్కకుండా దాచడం ఒక్కటే కాదు. సమాచారం పరుల కంట పడకూడదు, తెలియకుండా మారిపోకూడదు, కావలసినప్పుడు చేతికి అందాలి. ఈ మూడూ ఉంటేనే భద్రత. మన బడులకు రెండోదీ మూడోదీ ప్రాణం లాంటివి.

"మన దగ్గర దోచుకోవడానికి ఏముంది?" అని మా స్టాఫ్ రూములోనే ఒకరు అడిగారు. పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు, ఆధార్ నంబర్లు, తల్లిదండ్రుల ఫోన్లు, స్కాలర్‌షిప్ కోసం ఇచ్చిన బ్యాంకు ఖాతాలు ఉన్నాయి. ఆశపెట్టి ఓటీపీ రాబట్టేవాడికి ఇంతకంటే ఏం కావాలి?

పెద్ద వ్యవస్థలే జారిన సందర్భాలున్నాయి. కేంద్ర ప్రభుత్వ విద్యా వేదిక దీక్షకు చెందిన ఒక నిల్వ సర్వర్ రక్షణ లేకుండా ఉండిపోయిందని, పది లక్షలకు పైగా ఉపాధ్యాయుల పేర్లు, ఫోన్ నంబర్లు, ఈమెయిళ్ళు, దాదాపు ఆరు లక్షల మంది విద్యార్థుల వివరాలు అందులో బయటపడ్డాయని 2023 జనవరిలో వైర్డ్ పత్రిక రాసింది. అక్కడ ఎవరో గోడ దూకి రాలేదు, తలుపు వేయడం మరిచారు.

2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లకు దాడి చేసినవాళ్ళు తాళం వేశారు. ఓపీ చీటీల దగ్గర నుంచి పరీక్షల ఫలితాల దాకా చాలా రోజులు కాగితం మీద నడిపారు. నెట్‌వర్క్‌ను భాగాలుగా సరిగా విడదీయకపోవడం కారణమని ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. అర్థమయ్యేలా చెప్పాలంటే, ఒక గదిలో నిప్పు పడితే ఇల్లంతా అంటుకునేలా కట్టుకున్నారన్నమాట. ఆఫీసు లెక్కలు, పిల్లల ల్యాబు, అతిథులకిచ్చే వైఫై అన్నీ ఒకే తీగ మీద నడుస్తున్న మన బడుల సంగతి దీనికి భిన్నం కాదు.

మూడోది అమెరికాలో జరిగింది. బడుల రికార్డులు నడిపే పవర్‌స్కూల్ అనే సంస్థలోకి 2024 డిసెంబరులో దొంగిలించిన ఒక లాగిన్‌తో చొరబడ్డారు. ఆరు కోట్ల మందికి పైగా విద్యార్థుల వివరాలు పోయాయని అక్కడి ప్రభుత్వ న్యాయవాదులు కోర్టుకు చెప్పారు. సమాచారం చెరిపేస్తామంటే నమ్మి సంస్థ డబ్బు కట్టింది. అయినా కొన్ని నెలలకే బడులకు మళ్ళీ బెదిరింపులు వచ్చాయి. దొంగ మాట మీద నమ్మకం పెట్టుకోవడానికి లేదు. అక్కడ బడులు తప్పేమీ చేయలేదు, వాళ్ళు నమ్మిన సంస్థ జారింది. కానీ తల్లిదండ్రులకు జవాబు చెప్పుకోవలసి వచ్చింది బడులే.

మన దేశంలోనూ చట్టం అదే చెబుతోంది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, సమాచారం సేకరించిన సంస్థ ఆ పనిని ఇంకొకరికి అప్పగించినా బాధ్యత మొదటివారిదే. తగిన రక్షణ తీసుకోకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండవచ్చు. 18 ఏళ్ళు నిండనివారంతా ఈ చట్టం దృష్టిలో పిల్లలే. వాళ్ళ వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల ధ్రువీకరించదగిన సమ్మతి కావాలి. చదువుకూ పిల్లల క్షేమానికీ సంబంధించి బడులకు కొన్ని మినహాయింపులు ఉన్నాయి. 2025 నవంబరులో నియమాలు వెలువడ్డాయి, ముఖ్యమైన బాధ్యతలు పద్దెనిమిది నెలల తర్వాత అమల్లోకి వస్తాయి. అంటే సర్దుకోవడానికి మనకు గడువు ఉంది గానీ, అది ఎక్కువ కాలమేమీ కాదు.

ఈ చట్టంలో మనం ప్రత్యేకంగా గుర్తు పెట్టుకోవలసిన సంగతి మరొకటి ఉంది. సమ్మతి కోరే నోటీసును ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గానీ చదువుకునే అవకాశం ఇవ్వాలి. ఆ షెడ్యూలులో తెలుగు ఉంది. ఇది రాష్ట్రాన్ని బట్టి మారే హక్కు కాదు. హోసూరులో ఉన్నా, బళ్ళారిలో ఉన్నా, బరంపురంలో ఉన్నా, సోలాపూరులో ఉన్నా, యానాంలో ఉన్నా, చట్టం ఆ భాగం అమల్లోకి వచ్చాక తెలుగు తల్లి తన భాషలో నోటీసు కోరవచ్చు. మాతృభాషలో చదువు కోసం ఇంత పోరాడే మనం ఈ హక్కును అడగకుండా వదిలేయడం న్యాయం కాదు.

ఇక సలహాదారుల సంగతికి వద్దాం. గత రెండేళ్ళలో మా బడికి ముగ్గురు వచ్చారు. ముగ్గురూ సలహా ఇస్తామనే మొదలుపెట్టారు, చివరికి ఏదో ఒక పెట్టె అమ్మబోయారు. చీటీ రాసే డాక్టరుదే మందుల షాపు అయితే చీటీ పొడుగే అవుతుంది. కాబట్టి సరుకు అమ్మేవారి నుంచి సలహా తీసుకోకూడదన్నది నా మొదటి మాట. కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ తాను ఆమోదించిన తనిఖీ సంస్థల జాబితాను ప్రకటిస్తుంది. పిలవదలచుకున్న సంస్థ పేరు అందులో ఉందో లేదో ముందు చూసుకోవాలి.

మంచి సలహాదారు మన దగ్గర ఏ సమాచారం ఉంది, అది ఎక్కడ ఉంది, ఎవరు తెరవగలరు అని ముందు రాసిపెడతాడు. లోపాలను ముఖ్యమైనవీ కానివీ వేరు చేసి, దేన్ని ఎప్పటిలోగా సరిచేయాలో చెబుతాడు. దాచిన నకలు నుంచి రికార్డులను తిరిగి తెరిచి చూపించమంటాడు. క్లర్కు నుంచి హెడ్మాస్టరు దాకా అందరినీ కూర్చోబెట్టి అర్థమయ్యే మాటల్లో చెబుతాడు. ఈ నాలుగూ చేయకుండా నూరు పేజీల ఇంగ్లీషు నివేదిక ఇచ్చి వెళ్ళేవారికి డబ్బు దండగ.

యాప్ గానీ సాఫ్ట్‌వేర్ గానీ కొనే ముందు ఐదు ప్రశ్నలు అడిగి, జవాబులు ఒప్పందంలో రాయించుకోవాలి. పిల్లల వివరాలు ఎక్కడ ఉంటాయి? మీ దగ్గర ఎవరెవరు చూడగలరు? ఒప్పందం ముగిస్తే ఏ రూపంలో తిరిగి ఇస్తారు, మీ దగ్గర చెరిపేసినట్టు రాసిస్తారా? ఏదైనా జరిగితే మాకు ఎన్ని గంటల్లో చెబుతారు? తల్లిదండ్రులకు ఇచ్చే నోటీసు తెలుగులో ఉందా? సైబర్ ఘటన తెలిసిన ఆరు గంటల్లో తమకు తెలపాలని సెర్ట్-ఇన్ 2022లోనే సంస్థలను ఆదేశించింది. అలాంటప్పుడు బడికి అదే రోజు చెప్పలేమనే సంస్థతో మనకు పని లేదు.

"డబ్బు ఎక్కడిది?" అన్నది అందరి ప్రశ్న. నిజమే, సుద్దముక్కలకే లెక్క చూసుకునే బడులు మనవి. అయితే ఒక్కో బడీ విడిగా సలహాదారును పెట్టుకోనక్కరలేదు. ఒక ప్రాంతంలోని ఎనిమిదో పదో తెలుగు బడులు కలిసి ఒక తనిఖీ సంస్థను పిలిస్తే ఖర్చు పంచుకోవచ్చు. మన బడుల లోపాలు ఇంచుమించు ఒకటే. ఒక నమూనా ఒప్పందం, ఒక తెలుగు నోటీసు తయారైతే అన్ని రాష్ట్రాల్లోని మన బడులకూ పనికొస్తాయి. తెలుగు సంఘాలు ఉగాది సభకు చేసే ఖర్చులో కొంత దీనికి పక్కన పెట్టమని అడగడంలో తప్పు లేదు.

మన పూర్వ విద్యార్థులు ఎంతోమంది బెంగళూరులో ఈ రంగంలోనే ఉన్నారు. వాళ్ళు ఒక శనివారం వచ్చి టీచర్లకు నేర్పితే మేలే. కానీ అభిమానం ఉన్నంత మాత్రాన తనిఖీ జరిగిపోయినట్టు కాదు. పూర్వ విద్యార్థి అయినా సరే బడి పాస్‌వర్డు చేతికివ్వకూడదు.

సలహాదారు వచ్చేలోపు పైసా ఖర్చు లేకుండా చేయగలిగినవి ఉన్నాయి. మా బడిలో చేసినవే చెబుతున్నాను. ఒకే పాస్‌వర్డు అందరూ వాడటం మానేశాం. బడి ఈమెయిలుకు రెండంచెల ధ్రువీకరణ పెట్టాం. వాట్సాప్‌లో జాబితాలు పెట్టడం ఆపేశాం. ప్రవేశ రిజిస్టరుకు మూడు నకళ్ళు ఉంచాం. ఒకటి కంప్యూటర్‌లో, ఒకటి విడిగా తీసిపెట్టే డిస్కులో, ఒకటి బడి బయట. కాగితం రిజిస్టరు బీరువాలోనే ఉంది. విండోస్ 10కి ఉచిత భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయని ఈ పనిలో పడ్డాకే తెలిసింది. ఆ పాత కంప్యూటర్లను ఇంటర్నెట్ నుంచి తీసేసి పిల్లల టైపింగు సాధనకు ఇచ్చాం.

తల్లిదండ్రులకూ ఒక మనవి. బడి మీ బిడ్డ ఆధార్ కాపీ అడిగితే ఎందుకని అడగండి. ఏ యాప్‌లో ఎక్కిస్తారో అడగండి. మాలో కొందరికి కోపం రావచ్చు, అయినా అడగండి. బడి ఎప్పుడూ ఓటీపీ అడగదని ఇంట్లో అందరికీ చెప్పండి. మోసపోయామని తెలిసిన నిమిషమే 1930కి ఫోన్ చేయండి, సిగ్గుపడి మూడు రోజులు ఆగకండి.

ఆ తండ్రి వెళ్ళేటప్పుడు మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. "బడి పేరు చెప్పినారు కాబట్టి నమ్మినా సార్" అని మాత్రం అన్నాడు. మన బడులకు పెద్ద భవనాలు లేవు, పెద్ద నిధులు లేవు. పేరు చెబితే నమ్మే మనుషులు ఉన్నారు. ఈ ఎండాకాలం సెలవుల్లోపు ప్రతి తెలుగు బడి యాజమాన్యం, తల్లిదండ్రుల సంఘం ఒక్కసారి కూర్చుని ఒకే ఒక ప్రశ్నకు జవాబు వెతకాలి. మన పిల్లల వివరాలు ఈ రోజు ఎవరెవరి దగ్గర ఉన్నాయి? ఒక తెల్లకాగితం మీద ఆ జాబితా రాయడం మొదలుపెట్టండి. మాకు ఆ కాగితం నిండిపోయి రెండోది కావలసి వచ్చింది.