గాలి కంటే ముందే

కేసముద్రం మార్కెట్‌లో పసుపో మక్కలో అమ్ముకున్న రైతు చేతిలో నాలుగు పైసలు ఆడేది ఎండాకాలంలోనే. ఇంటికి, కొట్టానికి కొత్త రేకులు కొనేదీ అప్పుడే. గాలిదుమారాలు లేచేదీ అప్పుడే. మర్నాడు జిల్లా పేజీలో లేచిపోయిన రేకుల ఫొటో పడుతుంది. తప్పంతా గాలి మీదికే పోతుంది.

ట్రాలీలోంచి దిగిన రేకులు వెంటనే పైకెక్కవు. మూఢం పోవాలి, మేస్త్రీకి తీరిక దొరకాలి, ఇనుప పైపులకు డబ్బు సర్దుబాటు కావాలి. అందాకా గోడ పక్కన నేల మీదే ఒకదానిపై ఒకటి పడి ఉంటాయి. ఓ అకాల వాన పడి రేకుల నడుమ తడి చేరిందా, ఇక ఆరదు. గాలాడని ఆ సందులో ఇనుప రేకు మీది జింకు పూత తెల్లటి పొడిగా మారుతుంది, ముట్టుకుంటే సున్నంలా చేతికంటుతుంది. తుప్పును ఆపాల్సిన పూత ఇల్లెక్కకముందే పోతుందన్నమాట. టార్పాలిన్ బిగించి చుట్టినా లోపల చెమ్మపట్టి అంతే అవుతుంది. కింద రెండు కట్టెలు వేసి, ఒకవైపు కాస్త ఎత్తు పెట్టి, గాలాడేలా కప్పితే చాలు.

సిమెంటు రేకుల తీరు వేరు. 1946లో హైదరాబాద్‌లో పుట్టిన కంపెనీ తయారుచేసే చార్మినార్ రేకులు మన ఊళ్లకు పాత చుట్టాలే. ఇవి తడికి బెదరవు గానీ, ఎగుడుదిగుడు నేల మీద పేరిస్తే సన్నగా పగులుతాయి. అది తొలి వానకు గానీ తెలియదు.

ఇక బిగింపు. సిమెంటు రేకుకు రంధ్రం ఉబ్బు మీదే, అదీ డ్రిల్లుతోనే వేయాలని, కొసన రేకు మీద రేకు 150 మిల్లీమీటర్లు ఎక్కాలని భారతీయ ప్రమాణాలు ఏనాడో చెప్పాయి. చాలాచోట్ల నడిచేది మాత్రం మొల, సుత్తి. రబ్బరు వాషరు నలిగి బయటికి ఉబ్బేదాకా బోల్టు తిప్పడం పనితనమనుకుంటారు. కొన్నాళ్లకు ఆ రబ్బరు చిట్లి చుక్కలు మొదలవుతాయి. వదులుగా వదిలేస్తే రేకు కొట్టుకుని కొట్టుకుని రంధ్రం పెద్దదవుతుంది. గాలి చూరు కింద దూరి రేకును పైకెత్తుతుంది కాబట్టి అంచుల్లో బోల్టులు దగ్గరదగ్గరగా పడాలి. మనమేమో రాళ్లు పెడతాం. దుమారంలో ఆ రాయి ఎవరి నెత్తిన పడుతుందో!

మేస్త్రీని అనడం తేలిక. అడుగుకింతని గుత్తకు ఒప్పుకున్న మనిషి పొద్దుగూకేలోగా దిగాలనే చూస్తాడు. రేకు ధర దగ్గర గంటసేపు బేరమాడే మనం వాషర్ల సంగతి అడగనే అడగం. ఆస్బెస్టాస్ కలిసిన సిమెంటు రేకును కోసేటప్పుడు లేచే పొడి క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తున్నా, రేకు తడిపి, సరైన మాస్కు కట్టుకుని పని చేయమని ఆ కూలీకి చెప్పేవారేరీ? హైదరాబాద్‌లోని నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ (న్యాక్)లో నిర్మాణ కార్మికులకు శిక్షణ ఇస్తున్నారు. రేకులేసేవారికి అలాంటిదే ఒక్కరోజుది, కేసముద్రం వంటి మండల కేంద్రాల్లోనే, పంట డబ్బు చేతికి రాకముందు మాఘమాసంలో పెట్టవచ్చు. ఆ రోజు కూలీ కూడా కట్టివ్వాలి, లేకుంటే ఎవరూ రారు.