జ్వరం తగ్గగానే ఆగుతున్న వైద్యం
క్యాన్సర్ పిల్లల కుటుంబాలకు సరిహద్దు కష్టాలు

పిల్లల్లో ఎక్కువగా కనిపించేది బ్లడ్ క్యాన్సర్. అందులోనూ అక్యూట్ లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా అనే రకానిదే సింహభాగం. ఇది మందులకు లొంగే జబ్బు. సంపన్న దేశాల్లో ఇది వచ్చిన పదిమంది పిల్లల్లో దాదాపు తొమ్మిది మంది బతికి బట్టకడుతున్నారు. మన దగ్గర అంతమంది దక్కకపోవడానికి ఒక ముఖ్య కారణం, మొదలెట్టిన వైద్యాన్ని మధ్యలోనే మానేయడం.

ఎక్కడ తెగుతోంది?

నాలుగైదు వారాల వైద్యంతోనే చాలామంది పిల్లలు తేరుకుంటారు. జ్వరం పోతుంది, అన్నం తింటారు, ఆడుకుంటారు. 'నయమైంది కదా, ఇంకా ఈ సూదులెందుకు' అనుకుంటారు ఇంట్లోవాళ్లు. కానీ పరీక్షకు అందనన్ని తక్కువ కణాలు ఒంట్లో ఇంకా నక్కి ఉంటాయి. వాటిని తుడిచిపెట్టడానికి మొత్తం రెండు నుంచి మూడేళ్లు పడుతుంది. చివరి దశలో చాలావరకు ఇంటి దగ్గరే మాత్రలు, మధ్యమధ్యలో రక్తపరీక్షలు. మానేస్తే జబ్బు తిరగబెడుతుంది. రెండోసారి మొండికేస్తుంది, ఖర్చు పెరుగుతుంది, ఆశ తగ్గుతుంది. వరసగా నాలుగు వారాలు రాకపోతే వైద్యం మానేసినట్లే నిపుణులు లెక్కగడతారు.

దగ్గరున్న చోట కార్డు లేదు

తల్లిదండ్రులను తప్పుపట్టి లాభం లేదు. తండ్రి పనిలోకి పోకపోతే ఆ రోజు కూలి లేదు. మందులు ఉచితమైనా బస్సు చార్జీలు, గది అద్దె, తిండి ఖర్చు తప్పవు. ఇంటి దగ్గర మిగతా పిల్లలను చూసే దిక్కుండదు.

సరిహద్దు తెలుగువారికి వీటికి తోడు మరో చిక్కు. బళ్లారి వాళ్లు బెంగళూరు కిద్వాయ్ ఆసుపత్రికి దాదాపు 300 కి.మీ. వెళ్లాలి. రాయగడ వాళ్లకు కటక్ కన్నా విశాఖ, సిరొంచ వాళ్లకు ముంబయి కన్నా హైదరాబాద్ దగ్గర. యానాంకు కాకినాడ పక్కనే, పుదుచ్చేరి మాత్రం 800 కి.మీ. పైమాటే. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఆ రాష్ట్రం వాళ్లకే. 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ కార్డు మాత్రం రాష్ట్రం దాటినా చెల్లుతుంది, కుటుంబానికి ఏడాదికి రూ.5 లక్షల దాకా. ఒడిశా కూడా 2025లో అందులో చేరింది. అయితే వెళ్లే ఆసుపత్రి ఆ జాబితాలో ఉందో లేదో ముందే కనుక్కోవాలి. రైలు స్లీపర్ తరగతిలో క్యాన్సర్ రోగికి పూర్తి రాయితీ, తోడు వెళ్లే ఒకరికి 75 శాతం రాయితీ ఉన్నాయి. ఆసుపత్రి ఇచ్చే పత్రం చూపించాలి.

ముంబయిలో తగ్గింది

ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో 2009 ప్రాంతంలో సుమారు ఐదుగురు పిల్లల్లో ఒకరి వైద్యం మొదట్లోనో మధ్యలోనో ఆగిపోయేది. బస, తిండి, డబ్బుసాయం, ధైర్యం చెప్పే మనుషులు, రానివాళ్లకు ఫోన్ చేసి పిలిపించే ఏర్పాటు పెట్టారు. 2016 నాటికి అది సుమారు 5 శాతానికి దిగింది.

ఆ పని సరిహద్దు జిల్లాల్లోనూ చేయొచ్చు. పెద్దాసుపత్రి ఒక నంబరు, తెలుగులో మందుల చీటీ ఇవ్వాలి. జిల్లా ఆసుపత్రి రక్తపరీక్ష చేసి ఫలితం పంపాలి. గడువు దాటితే ఆశా కార్యకర్త ఇంటికెళ్లి అడగాలి. పిల్లాడు ఎంత హుషారుగా ఉన్నా, మందు ఆపమని డాక్టరు చెప్పేదాకా ఆపకూడదు. డబ్బుల్లేకపోతే ఆ మాట ఆసుపత్రి సోషల్ వర్కర్‌కు ముందే చెప్పాలి, ఊరికి బయల్దేరాక కాదు.